అయిదింటిదాకా చూడదగినవి

ముందు మట్టిరోడ్డు, వెనక సముద్రం, మధ్యలో రేకుల టీ కొట్టు. పొయ్యి దగ్గర అక్క. గుమ్మంలో, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి, తమ్ముడు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

"దిగాడే అక్కా, దిగాడు! ఒంటిగంట బస్సుకి దిగాడు!"

"ఎవడ్రా?"

"ఇంకెవడు, రోడ్డు కొలిచేవాడు. మున్సిపాలిటీ బంట్రోతు చెప్పాడుగా ఇవాళ వస్తాడని. నెత్తిన టోపీ, చేతిలో నోట్‌బుక్కు, సంచీలోంచి టేపు తొంగి చూస్తోంది. ఇంకా ఏం కావాలి?"

"ఓరి నాయనో! కొత్త రోడ్డు ఈ కొట్టు మీదుగా గీశాడంటే మన నోట్లో మట్టేరా. నాన్న పోయాక మనకి మిగిలింది ఈ పొయ్యి ఒక్కటే."

"నేను గియ్యనిస్తే కదా! ముందు నా మాట విను. రోడ్డు కొలిచే ఆర్డరు గడువు ఇవాళ సాయంత్రం అయిదింటి వరకే. ఆ లోపల కొలిచి కాగితం మీద పెట్టకపోతే ఆర్డరు చచ్చిపోయినట్టే. మళ్ళీ ఇంకోటి పుట్టాలంటే ఏడాది. బంట్రోతు ఒట్టేసి చెప్పాడు."

"బంట్రోతు మాట పట్టుకుని..."

"బంట్రోతు మాట కాక చైర్మన్ మాట నమ్మమంటావా?"

"సరేలే. ఇప్పుడేం చేస్తావు?"

"ఊరు చూపిస్తాను."

"ఏ ఊరు?"

"మన ఊరే. బస్సు దిగుతూనే నన్ను పిలిచి, 'బాబూ, ఇక్కడ చూడ్డానికి ఏమేం ఉన్నాయి' అన్నాడు. చూడు వాడి తెలివి! రోడ్డు కొలవడానికి వచ్చానంటే జనం మీద పడతారని షికారుకొచ్చినట్టు వేషం. నేను మాత్రం తక్కువ తిన్నానా? 'బోలెడున్నాయి సార్, అయిదు నిమిషాల్లో వస్తా, కదలకండి' అని బస్టాండు బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాను."

"నాలుగు గంటలసేపు చూపించడానికి మన ఊళ్ళో ఏముందిరా? నేను పుట్టి నలభై ఏళ్ళయింది. అరగంటలో చూసేశాను."

"నువ్వు ఉన్నవి చూశావు. అదీ తేడా."

"ఒరేయ్ తుఫానూ! నీకు ఊరు ఊరికే పెట్టలేదురా ఆ పేరు. నోటికి గొళ్ళెం పెట్టుకో. పెద్దమనిషి ముందు అడ్డమైనవీ వాగావంటే..."

"అయిదింటిదాకా వాగుతాను, ఆ తర్వాత బుద్ధుడిలా కూర్చుంటాను. నువ్వు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో. అతన్ని ఈ ఛాయలకి రానివ్వను. ఖర్మకాలి వచ్చినా, నువ్వు నోరు విప్పకూడదు."

*

లైట్‌హౌసు కింద, రెండింటికి. తుఫానూ, టోపీ పెద్దమనిషీ.

"ఇదండీ సార్ మా లైట్‌హౌసు. నూట ఎనభై మెట్లు. పైకెక్కితే అవతలి ఒడ్డు కనబడుతుంది."

"తాళం వేసి ఉందే?"

"ఎక్కితే కనబడుతుందన్నానండి. ఎక్కనిస్తారన్నానా?"

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"కాపలాదారు దగ్గర. ఆయన రిటైరయ్యాడు."

"మరి కొత్త కాపలాదారు?"

"ఆయన దగ్గర ఉద్యోగం ఉందండి. తాళంచెవి పాతాయన దగ్గరే ఉండిపోయింది. వాళ్ళిద్దరికీ మాటల్లేవు."

"పాపం, దీపం వెలగడం లేదన్నమాట."

"భలేవారే! మూడేళ్ళ నుంచి రాత్రనకా పగలనకా వెలుగుతూనే ఉంది. ఆర్పాలంటే లోపలికి వెళ్ళాలిగా."

"దీని అడుగు చుట్టుకొలత ఎంతో చూద్దాం. టేపు కొస ఇలా పట్టుకుంటారా?"

"అబ్బెబ్బే! టేపెందుకు సార్? లోపల పెట్టండి, లోపల పెట్టండి. ఉప్పుగాలికి తుప్పు పట్టిపోతుంది. పదండి పదండి, మ్యూజియం మూసేస్తారు."

"దేని మ్యూజియం?"

"గవ్వలది సార్. ఈ సందులోనే. ఇదిగో, వచ్చేశాం."

"ఇదెవరో కాపురముండే ఇల్లులా ఉందే. మంచం మీద ఎవరో పడుకున్నారు కూడానూ."

"ఆయనే క్యూరేటరు. లేపకండి, లేపితే టిక్కెట్టు కొనమంటాడు."

"గవ్వలేవి మరి?"

"కిటికీలో చూడండి. వరసగా ఏడు."

"ఏడేనా?"

"ఎనిమిది ఉండేవండి. ఎనిమిదోది బతికే ఉందని తర్వాత తెలిసింది. వెళ్ళిపోయింది."

"ఊఁ. 'ఏడు గవ్వలు, ఒక నిద్ర.' రాసుకున్నాను. ఇంకా?"

"ఏం రాసుకుంటున్నారు సార్? కొలతలా?"

"కొలతలు మీరు తీసుకోనివ్వడం లేదుగా. మీరు చెప్పిందే రాసుకుంటున్నాను, అక్షరం పొల్లుపోకుండా."

"అయితే రాయండి. మనకేం భయం? ఇటు రండి, నెమ్మదిగా. మా ఊళ్ళో తొందరపడి చూడకూడదు, అయిపోతుంది."

*

ఇసుక తిన్నె మీద, మూడు దాటాక.

"ఇది సూర్యాస్తమయం పాయింటు. బోర్డు చూడండి సార్, ఎంత పెద్ద అక్షరాలో!"

"కానీ సూర్యుడు మన వీపు వెనకాల ఉన్నాడే. ఇటు తూర్పు కదా?"

"అది బోర్డు తయారయ్యాక తెలిసిందండి. చేసిన బోర్డు పారెయ్యలేక ఇక్కడే పాతారు."

"మరి జనం వస్తారా?"

"ఎందుకు రారూ? సముద్రం వైపు తిరిగి కూర్చుంటారు. కాసేపటికి చీకటి పడుతుంది. అస్తమించాడు కాబోలు అనుకుని లేచి వెళ్ళిపోతారు. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు."

"చూడ్డానికి సరే. చెయ్యడానికి ఏమున్నాయి ఇక్కడ?"

"కూర్చోవచ్చండి."

"ఇంకా?"

"విసుగేస్తే లేవచ్చు."

"పడవ షికారు లేదా?"

"ఉందండి, దివ్యంగా ఉంది. పడవే రిపేరులో ఉంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మా నాన్న పోకముందు నుంచి."

"మీరు భలే మనిషి బాబూ. మిమ్మల్ని తుఫాను అని ఎందుకు పిలుస్తున్నారు దారిలో అందరూ?"

"మొదలెడితే ఆగననండి."

"అది చూస్తూనే ఉన్నాను. అసలు నాకు కావలసింది ఈ బోర్డులూ మ్యూజియాలూ కాదు. మనుషులు రోజూ పక్కనుంచే నడిచిపోతూ పట్టించుకోని పాతది ఏదైనా ఉందా?"

"పాతదా? మున్సిపాలిటీ కుర్చీలు చూపించమంటారా?"

"అంత పాతవి వద్దు. అబ్బ, కాళ్ళు లాగేస్తున్నాయి. అదిగో, రోడ్డు మలుపులో పొగ లేస్తోంది. టీ కొట్టులా ఉందే?"

"కాదండి! శ్మశానం!"

"శ్మశానంలోంచి అల్లం వాసన వస్తోందేమిటి?"

"అది... గాలి అటూ ఇటూ తిరుగుతోందండి."

"గాలి తిరిగితే తిరిగింది, నేను మాత్రం ఇంక తిరగలేను. పదండి, ముందు టీ."

"సార్, సార్! అటు కాదు... ఇంకా ఐసు ఫ్యాక్టరీ చూడలేదు... సార్!"

*

టీ కొట్టు. నాలుగున్నర. ఇప్పుడు ముగ్గురు.

"రండి బాబూ, కూర్చోండి. ఒరేయ్, నీతో ఓ మాట..."

"తర్వాత అక్కా."

"అది కాదురా, ఇందాక మూడింటికి..."

"తర్వాతన్నానా! ముందు సార్‌కి టీ. నెమ్మదిగా కాచు. అరగంట పట్టినా ఫర్వాలేదు."

"పాలు కాగే ఉన్నాయిరా."

"అయితే చల్లార్చి మళ్ళీ కాచు."

"మీ అక్కగారా? ఇది మీ కొట్టేనన్నమాట. చెప్పలేదేం బాబూ?"

"నాకు ఊళ్ళో అందరూ అక్కలే సార్. గోడ వైపు తిరిగి కూర్చోండి, ఎండ తగలదు. సంచీ ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను."

"సంచీ ఉండనివ్వండి. టైమెంతయిందమ్మా?"

"నాలుగూ ముప్ఫైరెండు బాబూ."

"ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలు!"

"దేనికి బాబూ?"

"దేనికేముంది సార్, అయిదవడానికి."

"అమ్మా, పొయ్యి పక్కన ఈ రాయేమిటి? నడుమెత్తు ఉంది, ఇంత నున్నగా..."

"అదా బాబూ? అది మా నాన్న..."

"అక్కా, పాలు!"

"చల్లారుస్తున్నాన్రా! నువ్వే కదా చల్లార్చమన్నావు!"

"బాగుందే ఈ రాయి. ఒకసారి టేపు వేసి చూస్తాను, కాస్త జరగండి."

"వద్దు సార్! దాని మీద టేపు వెయ్యకూడదు!"

"ఎందుకని?"

"ఎందుకంటే... ఎందుకేమిటండీ, అది మామూలు రాయి కాదు!"

"మరి?"

"మూడొందల ఏళ్ళ నాటిది."

"ఒరేయ్!"

"నాలుగొందలు సార్. తగ్గించి చెప్పానని మా అక్కకి కోపం."

"నాలుగొందల ఏళ్ళా? ఎవరు పాతారు ఇక్కడ?"

"ఒక ఓడ నాయకుడు. పెద్ద వర్తకపు ఓడండి. ఇదిగో, ఈ ఎదురుగానే మునిగిపోయింది. అందరూ పోయారు, ఆయనొక్కడే ఈదుకుంటూ ఒడ్డుకి చేరాడు. కాలు నేలకి తగిలిన చోట ఈ రాయి నిలబెట్టి, పోయినవాళ్ళని దీని మీద చెక్కుకున్నాడు. ఇవిగో, ఈ గీతలు చూడండి. గీతకో మనిషి."

"ఇవి కత్తి నూరిన గీతల్లా ఉన్నాయే?"

"చూశారా! చూసిన ప్రతివాడూ అదే అనుకుంటాడు. అందుకే కదా నాలుగొందల ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదు."

"అమ్మా, ఈ కథ మీరెప్పుడైనా విన్నారా?"

"ఇప్పుడే వింటున్నాను బాబూ."

"అంటే, ఎన్నిసార్లు విన్నా అప్పుడే విన్నట్టుంటుందని, సార్. అంత దుఃఖం ఉంది అందులో."

"ఆ తర్వాత ఆయనేమయ్యాడు?"

"ఎవరు?"

"ఓడ నాయకుడు."

"ఓ, ఆయనా? ఇక్కడే ఉండిపోయాడండి. రోజూ రాయి పక్కన కూర్చుని సముద్రంకేసి చూసేవాడు. ఎవరైనా 'ఏం చేస్తున్నావయ్యా' అంటే 'లెక్క చూసుకుంటున్నాను' అనేవాడట. వేలితో ఒక్కో గీతా తడుముకుంటూ."

"...అబ్బ. ఒక్క నిమిషం ఆగండి బాబూ. ఇది నేను సరిగ్గా రాసుకోవాలి."

"రాయండి సార్, తీరిగ్గా రాయండి. కావాలంటే మళ్ళీ మొదటినుంచి చెప్తాను."

"ఒరేయ్, నా మాట కొంచెం..."

"అక్కా, గడియారం చూసి చెప్పు. మాట తర్వాత."

"అయిదు. కొట్టింది. చాలా?"

"అయిదు కొట్టింది! సార్, ఇంక తియ్యండి మీ టేపు! రాయి కొలుచుకోండి, కొట్టు కొలుచుకోండి, కావాలంటే నన్ను నిలువునా కొలుచుకోండి!"

"ఇందాక కొలవకూడదన్నారు?"

"అయిదు దాటితే ఫర్వాలేదండి. ఆ వెనకనుంచి మొదలెట్టండి, అటువైపు ఇంకా బాగుంటుంది."

*

పెద్దమనిషి రాయి వెనక్కి వెళ్ళాడు. అలల హోరు అటువైపే ఎక్కువ.

"గెలిచామే అక్కా! ఏడాది దాకా మన కొట్టు మీద ఈగ వాలదు. ఇప్పుడు చెప్పు, ఇందాకట్నుంచి నోట్లో ఏదో నానబెట్టుకున్నావు."

"రోడ్డు కొలిచేవాడు మూడింటికే వచ్చి వెళ్ళాడు."

"ఎవడు?"

"రోడ్డు కొలిచేవాడు! మోటారు సైకిలు మీద వచ్చాడు, కుర్రాడు. పావుగంటలో కొలిచేశాడు, ఇక్కడే కూర్చుని టీ తాగాడు. రోడ్డు ఐసు ఫ్యాక్టరీ వెనకనుంచి పోతుందట. మన కొట్టుకి తగలదు. 'నిశ్చింతగా ఉండండి అక్కా' అని మరీ చెప్పి వెళ్ళాడు."

"తగలదా?"

"దాని దుమ్ము కూడా తగలదు."

"అయ్యబాబోయ్! అయితే మన కొట్టు..."

"చెక్కుచెదరదు. చెబుదామంటే నన్ను నోరెత్తనిస్తేనా!"

"మరి నేను నాలుగు గంటలు ఎండలో తిప్పింది ఎవరినే?"

"నన్నడుగుతావేం? తెచ్చినవాడివి నువ్వు."

"ఉండు, వస్తున్నాడు... సార్, ఏమీ అనుకోకండి. ఇంతకీ తమరు ఎవరు?"

"ఇప్పుడు చెప్పినా ఫర్వాలేదు. నాది ప్రాచీన కట్టడాల శాఖ. ముందే చెప్తే జనం లేనిపోని కథలు అల్లుతారు బాబూ. అందుకే షికారుకొచ్చినవాడిలా తిరుగుతాను. ఏ లాభమూ ఆశించకుండా చెప్పిన మాటలోనే నిజం ఉంటుందని నా ఇరవై ఏళ్ళ అనుభవం."

"అవునవును సార్. మనకేం లాభం!"

"ఈ తీరం పొడుగునా ఆరు ఊళ్ళు గాలించాను. ఒక్కటీ దొరకలేదు. ఈ ఏడాది రక్షిత కట్టడాల జాబితాలో సముద్రం ఒడ్డునుంచి కనీసం ఒకటైనా ఉండాలని పైనుంచి ఒకటే ఒత్తిడి. ఉత్త చేతులతో వెళ్తే మా డైరెక్టరుగారికి మొహం చూపించలేను. చివరికి ఈ రాయి దొరికింది. దీన్ని రక్షిత శిలగా ప్రకటిస్తాం. చుట్టూ కంచె, పెద్ద బోర్డు, బోర్డు మీద మీరు చెప్పిన కథ. ఇంక షికారు బస్సులు వాటంతటవే వస్తాయి."

"బస్సులా?"

"రోజుకి మూడుకి తక్కువుండవమ్మా. అయితే స్థానికులు ఇద్దరు వాంగ్మూలం ఇచ్చి సంతకాలు పెట్టాలి, ఈ రాయి చరిత్ర నిజమేనని. నేను ఆ బెంచీ మీద కూర్చుని ఫారం నింపుకొస్తాను. ఈలోగా బాగా ఆలోచించుకోండి. మాట మార్చుకోవాలనుకుంటే ఇప్పుడే మార్చుకోవాలి. సంతకం పెట్టాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా నేను కొట్టెయ్యలేను."

*

పెద్దమనిషి బెంచీ మీద. అక్కా తమ్ముడూ పొయ్యి దగ్గర, గొంతు తగ్గించి.

"చెప్పెయ్యరా. నీకు దణ్ణం పెడతాను, వెళ్ళి చెప్పెయ్యి. రేవు గట్టు కట్టేటప్పుడు మిగిలిపోతే, నాన్న పడవ కట్టుకోవడానికి దొర్లించుకొచ్చిన రాయి అది. ఆ గీతలు నేను చేపల కత్తి నూరినవి!"

"నూరింది నువ్వే. చదివింది నేను."

"అబద్ధానికి సంతకమా? కొట్టు ఎలాగూ దక్కింది కదరా, ఇంకెందుకు?"

"ఎవడికి నష్టమే ఇందులో? మునిగిపోయిన ఓడవాళ్ళు లేచొచ్చి కేసు పెడతారా? కాస్త బుర్ర పెట్టి ఆలోచించు. రోజుకి మూడు బస్సులు. బస్సుకి యాభైమంది. అందరూ ఇక్కడే దిగుతారు. రాయి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలు."

"మిగతా సేపు ఏం చేస్తారు? మన ఊళ్ళో చెయ్యడానికేముంది?"

"...టీ తాగుతారు."

"అద్దీ!"

"యాభైమందికి ఒక్క పొయ్యి చాలదురా."

"రెండో పొయ్యి పెడదాం."

"గ్లాసులూ చాలవు. బల్లలు నాలుగైనా ఉండాలి. ఈ రేకులు తీయించి మంచి కప్పు వేయించుకోవాలి, వానొస్తే పొయ్యి మీదే కారుతోంది. అయినా నాకు భయంగానే ఉందిరా."

"భయం నాకొదిలెయ్యి. నువ్వు సంతకం పెట్టు చాలు."

"ఏమ్మా, ఆలోచించుకున్నారా? ఫారం తయారు."

"ఆలోచించుకున్నాం సార్. నిజాన్ని మార్చి చెప్పడం మా ఇంటావంటా లేదు."

"మీ తమ్ముడు చెప్పాడు. మీరు చెప్పండమ్మా. ఈ కథ మీకు ఎవరు చెప్పారు?"

"మా... మా నాయనమ్మ బాబూ. నన్ను ఈ రాయి మీదే కూర్చోబెట్టుకుని చెప్పేది. ఓడలో ముప్ఫయ్యారుగురు పోయారట."

"గీతలు ముప్ఫయ్యేడు లెక్కపెట్టానే?"

"ముప్ఫయ్యేడోది కుక్కది బాబూ."

"కుక్కా?"

"ఓడలో కుక్క. అది ఒడ్డుకి చేరేదే, ఆయన్ని వెతుక్కుంటూ మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయిందట."

"అక్కా! నాకే ఏడుపొచ్చేలా ఉందే!"

"ఇంత బలమైన సాక్ష్యం నా సర్వీసులో చూడలేదమ్మా. ఇక్కడ మీ సంతకం. బాబూ, మీది ఈ కింద. తేదీ వెయ్యండి. టైము కూడా వెయ్యండి, అయిదూ నలభై. మంచిది. ఇదిగో, నా ముద్ర కూడా వేసేశాను. ఈ క్షణం నుంచి ఇది రక్షిత శిల. డైరెక్టరుగారికి ఈ రాత్రికే కబురు పంపిస్తాను."

"సార్, మీ నోట్లో పంచదార పొయ్యాలి! అక్కా, సార్‌కి ఇంకో టీ, చిక్కగా! సార్, పెద్దవారు, మీరే చెప్పండి. బస్సులు దిగి వచ్చేవాళ్ళకి అడ్డం రాకుండా మా రెండో పొయ్యి రాయికి ఏ పక్కన పెడితే బాగుంటుందంటారు?"

"పొయ్యా? రక్షిత శిలకి మూడొందల అడుగుల లోపల పొయ్యి కాదు కదా, పాక కూడా ఉండకూడదు బాబూ. కంచె వేసేవాళ్ళు రేపు పొద్దున్నే వస్తారు, ఈలోగా మీ సామాను ఎత్తేసుకోండి."